మహారాజశ్రీ చదువు కుర్చీ గారి సముఖానికి

అయ్యా,

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఫ్లాటులో, ముందుగది కిటికీ పక్కన తమరు వేంచేసి నేటికి ఎనిమిది రోజులు. నిన్న ఆదివారం. పొద్దున్నే కూరగాయలు తెచ్చి పడేశాను. ఫోను లోపలి గదిలో పెట్టాను. జనవరిలో పుస్తకాల పండుగలో కొని ఇంతవరకు అట్ట కూడా తిప్పని ఆరువందల పేజీల నవల తీసుకుని, మధ్యాహ్నం రెండింటికి తమ ఒడిలో కూర్చున్నాను. నాలుగున్నరకు లేచేసరికి పదకొండో పేజీలో ఉన్నాను.

తప్పు నవలదేమో అనుకున్నాను. తర్వాత నా వయసుదేమో అనుకున్నాను. ఆఖరికి టేపు తెచ్చి తమను కొలిచాను.

తమను చేయించేటప్పుడు నేను వడ్రంగికి కాగితం మీద రాసి ఇచ్చిన కొలత ఇది: కూర్చునే చోటు నుంచి తమ చేతుల ఎత్తు 9 అంగుళాలు. కూర్చుని మోచేతులు మడిచి, మా ఆవిడ చేత కొలిపించుకున్న లెక్క. వడ్రంగి 9 అంగుళాలే పెట్టాడు, కాదనను. కానీ ఎక్కడి నుంచి? చెక్క నుంచి! ఆ చెక్క మీద కుషన్ అతను వచ్చి 5 అంగుళాల ఫోమ్ వేశాడు. నేను కూర్చుంటే అది 2 అంగుళాలు అణుగుతుంది. మిగిలిన మూడు నన్ను పైకి ఎత్తేశాయి. అంటే నా మోచేతికీ తమ చేతికీ మధ్య 3 అంగుళాల గాలి.

మూడంగుళాలేగా అని తమరు నవ్వవచ్చు. మోచెయ్యి దేనికీ ఆనకపోతే కిలో బరువున్న పుస్తకాన్ని భుజాలే మోయాలి. పది నిమిషాలు మోస్తాయి. ఆ తర్వాత పుస్తకం మెల్లగా ఒడిలోకి దిగుతుంది, దాని వెనకే తల దిగుతుంది. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలని వెన్నెముక వైద్యుల లెక్క. తమ దయవల్ల నిన్న మధ్యాహ్నమంతా మెడ మీద బియ్యం బస్తా పెట్టుకుని నవల చదివాను.

అదే ఫోమ్ పుణ్యాన మడమలు నేలకు ఆనవు. కూర్చునే చోటు ఎంత లోతంటే, వీపు ఆనిస్తే మోకాళ్ళు మడవడానికి వీల్లేదు. వెనక గోడ మీది ట్యూబులైటు నా తల నీడను పేజీ నిండా పరుస్తుంది. అది తమ నేరం కాదు, ఒప్పుకుంటాను.

ఈ ఉదయం ఇద్దరినీ పిలిపించాను. నెల రోజులు ‘రేపు, రేపు’ అన్నవాళ్ళు ఈసారి గంటలో వచ్చారు, ఇంకా రెండు వేలు ఇవ్వాలి కాబట్టి. ‘చెక్క కొలతలో తేడా ఉంటే చెప్పండి సార్’ అన్నాడు వడ్రంగి. ‘ఫోమ్ తగ్గిస్తే సోఫాలాగా ఉండదు కదండీ’ అన్నాడు కుషన్ అతను. సోఫా ఎవరు అడిగారు నాయనా? అంతలో వడ్రంగి తమలో కూర్చుని, వెనక్కి వాలి, జేబులోంచి ఫోను తీసి పొట్ట మీద పెట్టుకుని, ‘ఎంత హాయిగా ఉందో చూడండి’ అన్నాడు.

నిజంగానే హాయిగా ఉన్నాడు. అదే నా కడుపుమంట! నువ్వు చదువు కుర్చీవి కాదు, ఫోను కుర్చీవి. 1914లో గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు ఇది. ఇక్కడ ఏ ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళినా సోఫా సెట్టు, టీవీ స్టాండు, అద్దాల బల్ల, పూజా మందిరం చూపించారు. చదువుకోవడానికి కుర్చీ అంటే ‘పిల్లలకా సార్?’ అన్నారు. అందుకే కదా నిన్ను పనిగట్టుకుని చేయించింది!

తెనాలిలో మా తాతగారికి పడక కుర్చీ ఉండేది. నాలుగు కర్రలు, ఒక గుడ్డ. ఆ గుడ్డ ఎంత కుంగుతుందో చేసినవాడికి ముందే తెలుసు, చేతులు ఆ లెక్కకే పెట్టాడు. ఒక చేతి మీద పేపరు, రెండో చేతి మీద మజ్జిగ గ్లాసు. వెనక కర్రను ఒక గాడి మారిస్తే వాలు మారేది. ఏడాదికోసారి గుడ్డ చిరిగి ఎవరో ఒకరు నేలకు దిగేవారు, అది వేరే సంగతి. ఈ ఫ్లాటుకు వచ్చేటప్పుడు చోటు చాలదని దాన్ని పాత సామాన్ల అతనికి 250 రూపాయలకు ఇచ్చేశాను. ఇచ్చింది నేనే. ఈ మాట మా ఆవిడ రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తోంది, నువ్వు కూడా మొదలుపెట్టకు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక, నీ మీద కోపంతో నీ ముందే చాప వేసుకుని కూలబడ్డాను. వీపు నీ అంచుకు ఆనింది. ఆ దిక్కుమాలిన ఫోమ్ సరిగ్గా భుజాల కింద మెత్తగా తగిలింది. మోకాళ్ళు మడిచి పుస్తకం వాటి మీద పెట్టాను, మోచేతులు తొడల మీద వాటంతటవే ఆనాయి. చూసుకునేసరికి యాభై రెండో పేజీ.

పద్నాలుగు వేలు పోసి గోడ చేయించుకున్నాను. ఫోమ్ తగ్గించడానికి ఎల్లుండి నిన్ను బండి మీద తీసుకువెళ్తామన్నారు. నవల అయ్యేదాకా రావద్దని ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. ఆ రెండు వేలు మాత్రం ఇవ్వను.

ఇట్లు,
తమ పాదాల చెంత చాప మీద నుంచి,
తమ యజమాని