ప్లేట్లు కొనే ముందు వాటికి చోటు చూడండి

గ్రామఫోను ప్లేట్లను పాత ఇనుములాగా గంపగుత్తగా కొనేవాళ్ళ మీద నాకు చాలా కోపం ఉంది. ఈ రోజు దాన్ని దాచుకోను.

మొన్న మే నెలలో హైదరాబాదు నల్లకుంటలో ఒక ఇంటికి వెళ్ళాను. కాలం చేసిన పెద్దాయన జీవితమంతా కూడబెట్టిన ప్లేట్లు దాదాపు 900. రెండు రోజులు ఆలస్యమయ్యాను. "మొత్తం ఒకాయనే ట్రాలీ ఆటోలో వేయించుకుని వెళ్ళారండీ, గది ఖాళీ అయింది" అన్నాడు వాళ్ళబ్బాయి. కొన్నాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. డాబా మీద రేకుల గది, నడినెత్తిన ఎండ, నడుమెత్తు దొంతరలు. ఒక దొంతర అడుగున ఉన్న ప్లేటు తీయబోతే రెండు ముక్కలై చేతికొచ్చింది. హిందీ సినిమా ప్లేట్లు నలభై ఏరి అప్పటికే అమ్మేశారట. మిగతావి తర్వాత చూస్తారట.

ఆ మిగతావాటిలోనే తెలుగు నాటకాల సెట్లు ఉన్నాయి! పది అంగుళాల 78 ప్లేటు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు ప్లేటు, ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త పైన పాడుతుంది, అంతే. అందుకే ఒక్క నాటకాన్ని అనేక ప్లేట్లలో నింపేవారు. అందులో మూడోది పగిలితే హరిశ్చంద్రుడు కాటికి చేరకుండానే కథ తెగిపోతుంది. రంగస్థల నటగాయకుడు కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఎలా ఉండేదో ఈ తరానికి తెలిసిందంటే అది ప్లేట్ల పుణ్యమే. అలాంటి గొంతులను ఎండలో వండుతామా?

78 ప్లేటులో జిగురుగా ఉండేది లక్క. వేడికి వంగుతుంది, దెబ్బకు పగులుతుంది. ఒక్కొక్కటి 200 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది కనుక, 500 ప్లేట్లంటే క్వింటాలు. ఆ బరువంతా అడుగు ప్లేటు మీద పెడితే అది ఎన్నాళ్ళు ఆగుతుంది? పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టాలి, వాలనివ్వకూడదు. జానెడుకొక అడ్డు చెక్క ఉండాలి, అలమారు అర గట్టిగా ఉండాలి. వానాకాలంలో పాత కాగితపు కవర్లకు బూజు పడుతుంది, వాటిని మార్చాలి. ఇంకొక మాట, దయచేసి స్పిరిట్‌తో తుడవకండి. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. తుడిచిన గుడ్డకు నల్లగా అంటేది మురికి ఒక్కటే కాదు, పాట కూడా.

ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. చోటు లేనివాళ్ళు వంద కొనుక్కోండి, వందనూ బాగా చూసుకోండి. అంతేగానీ 900 తెచ్చి నలభైకే విలువ కట్టేవారిని నేను సేకర్త అనలేను.

నాకు దక్కింది ఒక్కటే. పెద్దాయన రాసుకున్న నోటుబుక్కు ఆ ఇంట్లోనే ఉండిపోతే, వాళ్ళబ్బాయి నాకిచ్చాడు. పాట, పాడినవారు, కంపెనీ, లేబులు మీది నంబరు, కొన్న ఊరు, ఏ సెట్టులో ఎన్నోది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. కొన్నాయనకు ఆ పుస్తకం అవసరమనిపించలేదు.

జుమ్మేరాత్ బజార్‌లో గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గానీ తెలుగు నాటకం ప్లేటు ఒంటరిగా కనిపిస్తే లేబులు ఫోటో తీసి నాకు పంపండి. నంబరు ఈ పుస్తకంలో ఉంటే, దాని జతలను వెతకడం మొదలుపెడతాను.