మదరాసు ఎవరిదన్న పాఠం బీఈడీలో ఎక్కడుంది?

చెన్నైలో చాలా ఉన్నత పాఠశాలల్లో తెలుగు ఇంటి పిల్లలూ తమిళ ఇంటి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. భాషాప్రయుక్త రాష్ట్రాల పాఠం వచ్చిన రోజున ఆ గదిలో నిలబడటం తేలిక కాదు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చుని, డిసెంబరు 15న ప్రాణాలు విడిచింది ఈ నగరంలోనే, బులుసు సాంబమూర్తి ఇంట్లో. తెలుగువారికి ఆయన అమరజీవి. మదరాసును వదులుకోబోమంటూ తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం నడిపిన ఉద్యమం పక్కనున్న పిల్లవాడి ఇంట్లో అంతే గర్వకారణం. ఇద్దరినీ నొప్పించకూడదు, అలాగని ఇద్దరికీ నచ్చే కథ అల్లకూడదు. అలాంటి పాఠం చెప్పగల ఉపాధ్యాయులను మన శిక్షణ తయారు చేయడం లేదన్నది నా అభిప్రాయం.

కాలం చాలదన్న సాకు ఇప్పుడు చెల్లదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఈడీ ఏడాది నుంచి రెండేళ్లయింది. బడిలో గడపవలసిన కాలం (ఇంటర్న్‌షిప్) కనీసం 20 వారాలు. ఆ కాలం దేనికి ఖర్చవుతోందో ఛాత్రోపాధ్యాయుల (శిక్షణ పొందుతున్న ఉపాధ్యాయుల) రికార్డులే చెబుతాయి: పాఠ్య పథకాలు, లక్ష్యాలు, స్పష్టీకరణలు, చార్టులు. సూక్ష్మబోధనలో ప్రశ్నించే నైపుణ్యం, నల్లబల్ల వినియోగం విడివిడిగా సాధన చేస్తారు. ఇవి అనవసరమని అనను. పిల్లల ముందు బెదురు పోయేది వీటితోనే. కానీ ఇవి కిరణజన్య సంయోగక్రియ చెప్పేవారికీ, 1857 తిరుగుబాటు చెప్పేవారికీ ఒకేలా ఉంటాయి. చరిత్ర ఉపాధ్యాయుడికి ప్రత్యేకంగా రావలసినది మరొకటి ఉంది. ఈ సంగతి మనకెలా తెలిసింది, ఎవరు రాశారు, ఎవరి మాట నమోదు కాలేదు అని పిల్లల చేత అడిగించడం.

పైగా సాంఘిక శాస్త్రమనే ఒక్క పేరు కింద చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఉన్నాయి. డిగ్రీలో అర్థశాస్త్రం చదివి వచ్చిన యువతి ఒక్క శాసనాన్నైనా దగ్గరగా చూడకుండానే శాతవాహనుల పాఠం చెప్పవలసి రావచ్చు. అది ఆమె తప్పు కాదు. ఆ లోటు తీర్చవలసింది శిక్షణ కళాశాల.

చెన్నైలో ఉండి కూడా ఆ లోటు మిగలడమే బాధాకరం. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. కృష్ణా తీరం నుంచి అవి ఇక్కడికి ఎందుకొచ్చాయి, వాటి తోబుట్టువులు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి ఎలా చేరాయి అని అడిగితే చాలు, వలస పాలన పాఠం మొదలైనట్టే. కంపెనీ కాలపు దస్తావేజులున్న తమిళనాడు పురాభిలేఖాగారం కూడా ఎగ్మోర్‌లోనే ఉంది. 1856లో మొదలైన సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉన్న ఊరు ఇది. ఇన్ని ఆధారాల మధ్య చదువుతూ, చార్టు మీద అతికించిన బొమ్మతో చరిత్ర నేర్పవలసిన అవసరమేమిటి?

మదరాసు పాఠాన్నే తీసుకుందాం. మదరాసు మీద పట్టు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమన్న 1949 నాటి జేవీపీ (జవాహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య) కమిటీ నివేదిక, 1952 డిసెంబరు నాటి ఆంధ్రపత్రిక, తమిళ దినపత్రిక దినమణి సంచికలు, 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరినప్పటి పటం పక్కపక్కన పెట్టవచ్చు. తెలుగు చదవగల విద్యార్థి ఒకటి, తమిళం చదవగల విద్యార్థి మరొకటి తరగతికి వినిపిస్తారు. ఇంట్లో మాట్లాడే భాష అక్కడ అక్కరకొచ్చే ఆధారమవుతుంది. చెన్నైలో తెలుగు పిల్లలకు అలాంటి అవకాశం అరుదు.

వివాదం జోలికి వెళితే తల్లిదండ్రులు గొడవపడతారన్న భయం ఉంది. నిజమే, పడవచ్చు. కానీ బడి మౌనంగా ఉంటే ఆ పాఠం ఫోనులోని వీడియోలు చెబుతాయి, అక్కడ ఎదురు ప్రశ్న వేసేవారుండరు. ఇంతకంటే గట్టి అడ్డంకి పరీక్ష. ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) రెండో పేపరులో సాంఘిక శాస్త్రం ఎంచుకున్నవారికి 150 మార్కులకు 60 ఆ సబ్జెక్టువే, అయితే అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలు. అందులో సంవత్సరం గుర్తుంటే మార్కు వస్తుంది; రెండు విరుద్ధ సాక్ష్యాలను తూచగలరా అన్నది తేలదు. కాబట్టి ఆ తూకం ఇంటర్న్‌షిప్‌లోనే జరగాలి. ప్రతి చరిత్ర ఛాత్రోపాధ్యాయుడు వివాదమున్న స్థానిక అంశం ఒకటి ఎంచుకుని, మూలాధారాలతో పాఠం చెప్పాలి. చార్టుల రికార్డుకు ఇచ్చే మార్కుల్లో సగం తీసి ఈ పాఠానికి కేటాయించవచ్చు.