పన్ను పంచుకోని చోట ఉమ్మడి ప్లాన్ నిలవదు

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం 1876లో చుట్టూ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది. నగరం హద్దు అక్కడితో బిగుసుకుపోయింది. తర్వాత జనం, ఉద్యోగాలు ఆ గీత దాటి వెళ్లిపోతున్నా నగరం వాళ్ల వెంట విస్తరించలేకపోయింది. కౌంటీలోనేమో 80కి పైగా చిన్న చిన్న మున్సిపాలిటీలున్నాయి. దేని మేయరు దానికే, ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు కూడా దేనివి దానికే.

ఇలాంటి చోట ఎక్కడ ఏం కట్టాలో చెప్పే ప్లాన్ ప్రాంతమంతటికీ ఒకటే ఎందుకు కుదరదని అడిగితే, సమన్వయం లేదంటారు. ఒక కమిటీ వేస్తారు. నన్నడిగితే అసలు చిక్కు డబ్బుతోనే. షాపింగ్ మాల్ మన హద్దులో కడితే పన్ను మనకొస్తుంది, వీధి అవతల కడితే ట్రాఫిక్ మాత్రమే మిగులుతుంది. అందుకే ప్రతి ఊరూ మాల్స్‌ని రాయితీలిచ్చి మరీ పిలుస్తుంది. తక్కువ అద్దె ఇళ్లు వస్తాయంటే మాత్రం జోనింగ్ అడ్డం పెడుతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ టెన్షన్ నెత్తిన ఉన్న మేయర్‌ని తప్పుపట్టి లాభం లేదు.

ఆ పోటీలో వెనకబడిన ఊరు రాబడి కోసం ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇదే కౌంటీలోని ఫెర్గూసన్‌లో పోలీసులు, కోర్టు ప్రజల భద్రత కన్నా జరిమానాల వసూలుకే పెద్దపీట వేశారని, ఆ భారం ఎక్కువగా నల్లజాతి వారి మీదే పడిందని అమెరికా న్యాయశాఖ 2015లో తేల్చింది. దాని వెనక జాతి వివక్ష ఉందనీ ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది. అయితే ఊళ్లను ముక్కలుగా విడగొట్టి, ఎవరి ఆదాయం వాళ్లే చూసుకోమనడం కూడా ఆ వసూళ్లకు ఊతమిచ్చిందని నా అభిప్రాయం.

అన్నీ కలిపేస్తే సరిపోదా? కెనడాలోని టొరంటోలో 1997లో జనం వద్దని ఓటేసినా, మరుసటి ఏడాది ఆరు మున్సిపాలిటీలను ఒక్కటి చేశారు. అప్పటికే నగరం పక్కనున్న మిస్సిసాగా, బ్రాంప్టన్ వైపు పెరిగిపోయింది. అవి రెండూ విలీనానికి బయటే ఉండిపోయాయి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం చేసిన పని నాకు ఎక్కువ నచ్చుతుంది. మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న 7 కౌంటీల కోసం 1971లో అక్కడ ఓ చట్టం తెచ్చారు. వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల వల్ల పన్ను ఆధారం (పన్ను వేయదగ్గ ఆస్తి విలువ) ఎంత పెరిగితే అందులో 40 శాతం ఉమ్మడి ఖాతాలోకి వెళ్తుంది. జనాభా ఎక్కువగా ఉండి ఆస్తి విలువ తక్కువున్న ఊళ్లకు అందులోంచి పెద్ద వాటా అందుతుంది. దీని మీద కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. మాల్ పక్క ఊళ్లో వచ్చినా మనకూ కొంత దక్కుతుందంటే కొట్లాట సగం తగ్గుతుంది.

అయితే అక్కడ ప్రాంతమంతటికీ ప్లాన్ వేసే మెట్రోపాలిటన్ కౌన్సిల్ సభ్యులను గవర్నరే నియమిస్తారు. ఇది పెద్ద లోపమే. నా ఇంటి పక్క భూమి ఏమవ్వాలో నిర్ణయించేవాళ్లకు నేను ఓటేయగలగాలి. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1978లో ఓటర్లే ఒప్పుకుని, ప్రాంతమంతటికీ కలిపి నేరుగా ఎన్నికయ్యే ‘మెట్రో’ అనే ప్రభుత్వాన్ని తెచ్చుకున్నారు. నగరం ఎంతవరకు పెరగాలో గీత గీసే అధికారం దానిదే. కానీ కొలంబియా నది అవతలి వాంకూవర్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది, మెట్రో మాట అక్కడ చెల్లదు. నది మీద కొత్త వంతెనకు ఒరెగాన్ తన వాటా ఇస్తానన్నా, 2013లో వాషింగ్టన్ సెనేట్ డబ్బు మంజూరు చేయకపోవడంతో ఆ పథకం ఆగిపోయింది.