‘డెబ్ ఫైలు చేయడం గంట పని’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

అమీర్‌పేట కోచింగ్ బ్యాచ్‌ల నుంచి గచ్చిబౌలి ఆఫీసుల దాకా, హైదరాబాద్ లినక్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: ‘నిరి లాంటి కొత్త కంపోజిటర్ డెబియన్ 13లో లేకపోవడానికి మెయింటెయినర్ల బద్ధకమే కారణం. సోర్స్ దించుకుని డెబ్ ఫైలు చేయడం గంట పని. ఆర్చ్ వాళ్లు చేయలేదా? అయినా కంపోజిటర్ అంటే విండోలు సర్దే ప్రోగ్రామే కదా, పాడైతే కొంపలేం మునగవు. అందాకా ఈ స్క్రిప్ట్‌ను సుడోతో రన్ చేసుకోండి.’

ముందు పదాల సంగతి. డెబియన్, ఆర్చ్ రెండు లినక్స్ రకాలు. డెబ్ ఫైలు అంటే డెబియన్‌లో ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ, దాన్ని తయారుచేసి చూసుకునేవాళ్లు మెయింటెయినర్లు. విండోలను స్క్రీన్ మీద చూపేది కంపోజిటర్, నిరి అలాంటిదే. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం. డెబియన్ 13లో, అంటే ట్రిక్సీ అనే పేరున్న విడుదలలో, నిరి లేదన్న మాట నిజమే. మిగతావి చూద్దాం.

‘గంట పని.’ బిల్డ్ (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేయడం) వరకైతే మంచి లాప్‌టాప్ మీద గంట కూడా పట్టదు. నిరిని రాసింది రస్ట్ భాషలో. ఆ భాష బిల్డ్ టూల్ కార్గోకు ఒక్క కమాండ్ ఇస్తే వందలకొద్దీ క్రేట్లు, అంటే రస్ట్ లైబ్రరీలు, నెట్ నుంచి దిగుతాయి, కాసేపటికి బైనరీ చేతికొస్తుంది. చిక్కంతా ఆ దిగడం దగ్గరే ఉంది. ప్యాకేజీ బిల్డ్ అవుతున్నప్పుడు నెట్ జోలికి వెళ్లకూడదని డెబియన్ పాలసీ. కావలసినవన్నీ ముందే ఆర్కైవ్‌లో, అంటే డెబియన్ సొంత ప్యాకేజీల భండారంలో, ఉండాలి. అక్కడి రస్ట్ టీమ్ ఒక్కో క్రేట్‌ను విడి ప్యాకేజీగా పెడుతుంది. ఏదైనా క్రేట్ లేకపోతే ముందు దాన్ని ప్యాకేజ్ చేయాలి, దాని కాపీరైట్ వివరాలు రాయాలి, డెబియన్ వాళ్లు లైసెన్సులు చూసి వదిలేదాకా న్యూ క్యూలో, అంటే కొత్త ప్యాకేజీల వరుసలో, ఆగాలి. ఉన్న క్రేట్లతోనూ తలనొప్పే. నిరి ఒక వెర్షన్ అడుగుతుంది, ఆర్కైవ్‌లో ఇంకోటి ఉంటుంది. దాన్ని మారిస్తే దాని మీద ఆధారపడ్డ వేరే ప్రోగ్రాములు కదులుతాయి.

వీటన్నిటికంటే పెద్ద ముడి స్మిథే, అంటే కంపోజిటర్లు రాయడానికి వాడే రస్ట్ లైబ్రరీ. నిరి మొత్తం ఈ లైబ్రరీ మీదే నిలబడింది. కానీ నిరి వాడుకునేది వెర్షన్ నంబరు వేసి విడుదల చేసిన స్మిథేను కాదు, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) ఫలానా కమిట్‌ను, అంటే ఫలానా మార్పు దగ్గరి కోడ్‌ను. నిరి తర్వాతి విడుదలకు ఆ కమిట్ మారిపోతుంది. అదే స్మిథే ఇంకో ప్రోగ్రాముకూ కావాలంటే, ఎవరి కమిట్‌ను ఆర్కైవ్‌లో పెట్టాలి? దీనికి మెసేజ్ రాసినాయన దగ్గర జవాబుందా?

క్రేట్లన్నీ కలిపి ఒకే టార్‌బాల్‌లో (జిప్ లాంటి మూట) కుక్కేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. కుక్కేయొచ్చు. అప్పుడు ఆ వందల లైసెన్సులూ ఒక్కరే వెతికి రాయాలి. రేపు ఒక క్రేట్‌లో సెక్యూరిటీ లోపం బయటపడి ఆర్కైవ్‌లో దాన్ని సరిచేసినా, ఈ టార్‌బాల్‌లో ఉన్న కాపీ అలాగే ఉండిపోతుంది. న్యూ క్యూ నెమ్మది అంటే మాత్రం నేనూ గొంతు కలుపుతాను. అయితే అక్కడ చదవాల్సింది కొండంత, చదివేవాళ్లు కొద్దిమంది.

ఇంత చేశాక కూడా డెబ్ ఫైలు పని అయిపోయినట్టు కాదు. లాగిన్ స్క్రీన్‌లో నిరి పేరు కనిపించాలి, లాగిన్ కాగానే దాన్ని నడిపే సిస్టమ్‌డీ యూజర్ సర్వీస్ సరిగా లేవాలి. డిఫాల్ట్ కాన్ఫిగ్ అలాక్రిటీ (టెర్మినల్), ఫజెల్ (యాప్‌లు తెరిచేది), వేబార్ (పై పట్టీ), స్వేలాక్ (స్క్రీన్ లాక్)లను పిలుస్తుంది. వాటిని రికమెండ్స్‌లో, అంటే ప్యాకేజీతో పాటు మామూలుగా దిగేవాటి జాబితాలో, చేర్చకపోతే కొత్తగా వచ్చినవాడికి ఖాళీ స్క్రీన్ మిగులుతుంది. ఆఫీసు మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేయాలంటే వీడియోను అందించే పైప్‌వైర్‌తో పాటు, అప్లికేషన్లకు స్క్రీన్, ఫైళ్లు అందించే గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్ల పోర్టల్ కావాలి. కొత్త గ్నోమ్ పోర్టల్ ఫైలు ఎంచుకునే డబ్బా కోసం గ్నోమ్ ఫైల్ మేనేజర్ నాటిలస్ వైపు చూస్తుంది. గ్నోమ్ వద్దనుకుని నిరికి వచ్చినవాడి మీద నాటిలస్‌ను రుద్దాలా వద్దా? ఇలాంటివి మనిషి కూర్చుని తేల్చాలి. తెలుగు టైపింగూ అంతే. ఇన్‌స్క్రిప్ట్ అయితే కీబోర్డ్ లేఅవుట్ మారిస్తే సరిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఎఫ్‌సిటిఎక్స్ 5 లాంటి టైపింగ్ ప్రోగ్రామ్ లాగిన్‌తో పాటే లేవాలి. ఇంగ్లిష్ కీబోర్డ్ మాత్రమే వాడేవాడి ‘నా లాప్‌టాప్‌లో పనిచేసింది’ అనే టెస్టులో ఇది దొరకదు.

‘బద్ధకం వల్లే స్టేబుల్‌లో (అధికారికంగా విడుదలైన డెబియన్‌లో) లేదు.’ సరే, ఎవరో పూనుకుని అన్నీ పూర్తి చేశారనుకుందాం. ట్రిక్సీకి సాఫ్ట్ ఫ్రీజ్, అంటే కొత్త ప్యాకేజీలు ఇక చేరని దశ, 2025 ఏప్రిల్ మధ్యలో మొదలైంది, విడుదల ఆగస్టు 9న. నిరి ఆ ఒక్క ఏడాదే జనవరి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో కొత్త వెర్షన్లు తెచ్చింది. కాబట్టి ట్రిక్సీలో చేరగలిగేది ఫిబ్రవరి నాటి 25.02. అందులో ఓవర్‌వ్యూ (తెరిచిన విండోలన్నీ ఒకేసారి చూపేది) లేదు, అది మేలో వచ్చింది. ఎక్స్ అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ కోసం రాసిన అప్లికేషన్లు తమంతట తాము తెరుచుకునే ఏర్పాటు ఆగస్టు చివర్లో వచ్చింది. తర్వాతి స్టేబుల్ వచ్చేదాకా, అంటే దాదాపు రెండేళ్లు, అదే 25.02. ‘ఓవర్‌వ్యూ ఏది?’ అని ఇదే గ్రూపుల్లో ఇంకో ఫార్వర్డ్ తిరిగేది. హైప్ర్‌ల్యాండ్ అనే ఇంకో కంపోజిటర్‌ను చూడండి. దాన్ని ప్యాకేజ్ చేసి అన్‌స్టేబుల్‌లో, అంటే కొత్త ప్యాకేజీలు ముందు చేరే చోట, పెట్టారు, అయినా ట్రిక్సీ విడుదలలో లేదు. పరుగెత్తే ప్రాజెక్టును ఏళ్ల తరబడి ఒకేచోట నిలబెట్టి వాడించకూడదనుకోవడం నా దృష్టిలో మంచి నిర్ణయమే.

‘ఆర్చ్ వాళ్లు చేయలేదా?’ చేశారు. ఆర్చ్ రోలింగ్, అంటే విడుదలలంటూ లేకుండా ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. పాత వెర్షన్‌ను మోయాల్సిన పని లేదు, అధికారికంగా ఎక్స్86-64 అనే ప్రాసెసర్ రకం ఒక్కటే చూసుకుంటే చాలు, సోర్స్‌తో పాటు క్రేట్లను నెట్ నుంచి తెచ్చుకున్నా అడిగేవారు లేరు. అది వేరే లెక్క.

‘విండోలు సర్దే ప్రోగ్రామే.’ ఎక్స్ కాలంలో ఈ మాట చెల్లేది. విండో మేనేజర్ పడిపోయినా ఎక్స్ సర్వర్ బతికే ఉండేది, తెరిచిన ఫైళ్లు అలాగే ఉండేవి. నిరి నడిచేది ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్ మీద. వేలాండ్‌లో కంపోజిటరే డిస్‌ప్లే సర్వర్. నిరి క్రాష్ అయితే దాని మీద నడుస్తున్న అప్లికేషన్లన్నీ దాంతో పాటే పోతాయి, సేవ్ చేయని పనితో సహా.

ఇక ఆ స్క్రిప్ట్. అది సుడోతో బైనరీని సిస్టమ్‌లో పెడుతుంది, ఆ సంగతి ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీకి తెలియదు. నిరికి కావలసిన లిబ్‌డిస్‌ప్లే-ఇన్ఫో లైబ్రరీ 0.1 నుంచి 0.2కు వచ్చినప్పుడు సోనేమ్, అంటే ప్రోగ్రాములు దాన్ని వెతికే పేరు, మారింది. అలాంటి మార్పు మీ అప్‌గ్రేడ్‌లో వస్తే ప్యాకేజీలన్నీ సర్దుకుంటాయి, ఈ బైనరీ మాత్రం లేవనంటుంది. పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ స్క్రీనే ఎదురవుతుంది. విండోలు వాటంతటవే పక్కపక్కన సర్దుకునే టైలింగ్ చాలనుకుంటే ట్రిక్సీలో స్వే అనే కంపోజిటర్ ఉంది. నిరినే చూడాలని ఉంటే బిల్డ్‌కు కావలసిన డెవ్ ప్యాకేజీలను ఏపీటీతో (డెబియన్ ఇన్‌స్టాల్ కమాండ్) తెచ్చుకుని, హోమ్ ఫోల్డర్‌లోనే బిల్డ్ చేసి, ఇప్పుడున్న డెస్క్‌టాప్ టెర్మినల్ నుంచే నడపండి. అది మామూలు విండోలో తెరుచుకుంటుంది, నచ్చకపోతే మూసేయొచ్చు.