మహారాజశ్రీ బ్రాడీపేట పాతింటి గారికి

గుంటూరు,
ఆదివారం, కరెంటు పోయిన మధ్యాహ్నం.

మహారాజశ్రీ వకీలుగారి ఇంటి గారి సముఖమునకు, ఎదురు అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మా కుశలం సంగతి సరే, మీ కుశలం వాట్సాప్‌లో తెలిసింది. బ్రోకరు బాబాయి ఫొటోలు పంపాడు. కింద 'గుంటూరు నడిబొడ్డున నూరేళ్ల హెరిటేజ్ విల్లా, ప్రైవేట్ గార్డెన్, ఈస్ట్ ఫేసింగ్, క్లియర్ టైటిల్' అని రాసుంది. మా ఆవిడ చూసి పాండిచ్చేరిలో రిసార్టు అనుకుంది. గేటు పక్కన కారుతున్న మున్సిపాలిటీ కొళాయి కనబడ్డాక గానీ మీరేనని నమ్మలేదు.

మీ లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు ఇక్కడ రాయడం లేదు. బ్రాడీపేటలో ఆ రెండు అంకెలు చెబితే చాలు, కొరియరు కుర్రాడి కంటే ముందు టేపు పట్టుకుని బిల్డర్లు దిగుతారు.

ముందు మీ వయసు తేల్చుకుందాం. కొనడానికి వచ్చినవాళ్లకు మీరు నూరేళ్లవారు. లోను కావాలన్నవాళ్లకు ముప్పై అయిదు దాటవు, ఎందుకంటే పాత కట్టడం మీద అప్పు ఇవ్వాలంటే ఇంకా ఎన్నేళ్లు నిలబడుతుందో ఇంజినీరు చేత రాయించుకు రమ్మంటుంది బ్యాంకు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కగానే మళ్లీ ముసలితనం వచ్చేస్తుంది. అక్కడ కట్టడానికి వయసు పెరిగేకొద్దీ తరుగుదల తీసేస్తారు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం కట్టాలి గనక విలువ ఎంత తగ్గితే అంత మిగులు. ఇంతలో చూడ్డానికి వచ్చిన ఒక లెక్చరరు గారు, 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలండీ, అని ఏదో మాటవరసకు అన్నారు. ఆ ముద్ర పడితే పడగొట్టనివ్వరని భయపడ్డాడేమో, బాబాయి చప్పున గొంతు తగ్గించాడు. "తొంభై ఎనిమిదే సార్. ఇంకా రెండేళ్లు టైముంది."

మీ చరిత్ర కూడా ఈ మధ్యే పుట్టింది. 1954లో ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు మన గుంటూరులో పెట్టారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే అది హైదరాబాదు వెళ్లిపోయింది. ఉన్నది రెండేళ్ల చిల్లర. అయినా బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అమ్మకానికున్న ప్రతి పాతింట్లోనూ ఆ రెండేళ్లలో ఒక హైకోర్టు జడ్జిగారు అద్దెకున్నారు. బ్రోకర్ల లెక్కన కూడితే ఇవాళ సుప్రీంకోర్టులో కూడా అంతమంది ఉండరు. మీకు జడ్జిగారు చాలలేదు కాబోలు, గాంధీగారిని కూడా తీసుకొచ్చి మీ వరండాలో మంచినీళ్లు తాగించారు. సాక్ష్యం అడిగితే ఆ చెంబు అమెరికాలో పెద్దబ్బాయి గారి దగ్గరుందట.

నిజానికి మీ వరండాకు ఈ అరువు గొప్పలు అక్కర్లేదండీ. సత్తెనపల్లి నుంచీ రేపల్లె నుంచీ తెల్లారగట్ల బయల్దేరిన పార్టీలు చద్దిమూటలు పక్కన పెట్టుకుని ఆ బల్ల మీదే కూర్చునేవాళ్లు. గట్టు జరిపిన కేసులు, దత్తత చెల్లదన్న కేసులు, అన్నదమ్ముల భాగపంపకాల దావాలు అన్నీ ముందు మీ చెవినపడి, తర్వాతే కోర్టుకెళ్లాయి. ఇన్ని పంపకాలు చూసిన మీకు ఇప్పుడు నలుగురు వాటాదార్లు: ఇద్దరు అమెరికా, ఒకరు హైదరాబాదు, ఒకరు మాట్లాడరు. అమెరికా వాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ కాగితం ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అది ఇక్కడ ఎవరి బీరువాలోనో ఉందట, ఆ బీరువా తాళం మాట్లాడని ఆయన దగ్గరుందట. క్లియర్ టైటిల్ అంటే ఇదే.

లోపలికి పోతే, గుమాస్తా గది పౌడర్ రూమ్ అయింది. ధాన్యపు గదిని హోమ్ థియేటర్ చేశారు. పురుగు రాకుండా కిటికీ పెట్టని గది కదా, ఆ చీకటి ఇన్నాళ్లకు పనికొచ్చింది. దేవుడి గూట్లో వైఫై డబ్బా పెట్టారు, అదీ ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటూనే ఉంది. వకీలుగారు లా పుస్తకాలు పెట్టుకున్న గోడ అలమరలో ఇప్పుడు కొలతకు కోసిన అట్ట పుస్తకాలు. తీసి చూడబోతే అన్నీ కలిసి ఒకేసారి ఊడి చేతికొచ్చాయి.

ఇక మీ ఒంటి సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మీ గోడలు మూరెడు మందం. ఇటుకకూ ఇటుకకూ నడుమ సిమెంటు చుక్క లేదు, అంతా గానుగలో రుబ్బిన డంగు సున్నం. పైన మద్రాసు టెర్రస్. బర్మా టేకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన సన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి మూలవాటుగా పేర్చి, వాటి మీద ఇటుక జల్లీ, సున్నం. కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లుతూ కూలీలు రోజుల తరబడి దిమ్మిసా కొడితే గట్టిపడ్డ మిద్దె అది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా రాయవుతుంది. రాయయ్యాక కూడా దాని రంధ్రాలు మూసుకుపోవు. వానాకాలం పునాది పీల్చిన చెమ్మ గోడ ఎక్కి, ఎండాకాలం మళ్లీ గాలిలోకి పోతుంది. ఎత్తు మిద్దె, గోడ పైభాగాన వెంటిలేటర్లు, వేడిగాలి తన దారిన తాను పోయేది. రోళ్లు పగిలే గుంటూరు మే నెలలో మీ నడిమింట్లో చాప వేసుకుని పడుకున్నవాళ్లు ఈ పేటలో ఇంకా ఉన్నారు.

దీన్నంతా బాగుచేశారు. సున్నం గార గీకి పారేసి సిమెంటు పూశారు. దాని మీద పుట్టీ, దాని మీద ప్రైమరు, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్. గోడ ఊపిరి తీసే దారులన్నీ మూసేశాక చెమ్మ ఎక్కడికి పోవాలి? హాల్లో సోఫా వెనక, స్విచ్ బోర్డు కింద, అరచేయంత మేర రంగు పొంగింది. వేలితో నొక్కితే టప్పున పగిలి తెల్లటి ఉప్పు పొడి రాలింది. నేలలోంచి పైకి వచ్చిన నీళ్లు ఇంకే దారీ లేక ఆ రంగు వెనకే ఆగి, ఆరి, లోపలి లవణాన్ని బయటికి నెట్టాయి. బాబాయి గబగబా సోఫా జరిపి, "ఏసీ చల్లదనానికండీ, ఏం పర్లా" అన్నాడు. మీకు ఏసీ! ఎందుకో తెలుసా? దూలాలు కనబడితే పల్లెటూరి ఇల్లులా ఉంటుందని తొమ్మిదడుగుల ఎత్తున ఫాల్స్ సీలింగ్ దించారు. వెంటిలేటర్లు దాని వెనక సజీవ సమాధి అయ్యాయి. వేడి దిగింది. ఏసీలు వచ్చాయి. ఆ ఫాల్స్ సీలింగ్ మీద మళ్లీ చెక్క దూలాల బొమ్మ ఉన్న స్టిక్కర్లు అంటించారు. అసలు టేకు దూలాలకు సరిగ్గా అయిదడుగుల కింద!

నేల కూడా అంతే. ఎన్నో తరాల పాదాలకు నున్నబడ్డ నాపరాళ్లు పీకి కాలు జారే టైల్స్ వేశారు. పీకిన రాళ్లు నేను కళ్లారా చూశాను. పేట చివర ఒక కాఫీ షాపువాడు ట్రాక్టరు పెట్టి తోలుకెళ్లి, 'వింటేజ్ ఫ్లోరింగ్' అని బోర్డు రాయించాడు.

తోట దగ్గర నాకు నోరు పెగలదు. నందివర్ధనం, గన్నేరు, నూతి గట్టు పక్కన కరివేపాకు, వాడకపు నీళ్లు పోయే కాలవ మీద అరటి పిలకలు, ఈ పేట పిల్లలందరూ రాళ్లేసిన జామ. దొడ్డి చిందరవందరగా ఉందని అంతా నరికించారు. ఇప్పుడక్కడ పచ్చ ప్లాస్టిక్ తివాచీ. మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూడండి, తెలుస్తుంది. గోడ వెంబడి కోనోకార్పస్ వరస. గుజరాత్ ప్రభుత్వం 2023లోనే వద్దన్న చెట్టది. నూతికి అద్దం మూత, లోపల నీలం లైట్లు, పైన బుద్ధుడి తల. తల వరకే. అమరావతి స్తూపం ఉన్న సీమలో బుద్ధుడికి ఈ గతి పట్టింది. నీళ్లు మాత్రం ట్యాంకరు తెచ్చి పోస్తున్నారు.

అయితే ఈ హంగంతా మీ మీద ప్రేమతో కాదని మీకూ తెలుసు. కడుపు నిండా తిండి పెట్టనివాళ్లు పెళ్లిచూపుల పూట అరువు నగలు దిగేసినట్టు, ఆదివారం ఆదివారం మిమ్మల్ని ముస్తాబు చేస్తారు. వచ్చిన పార్టీ వరండా మెచ్చుకుంటుంది, కిటికీల రంగు అద్దాల ముందు సెల్ఫీ దిగుతుంది, వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి అసలు ప్రశ్న అడుగుతుంది: "గజం ఎంత చెబుతున్నారు?" ఆ ప్రశ్నలో మీరు లేరు. గజానికి తొమ్మిది చదరపు అడుగుల మట్టి ఉంటుంది, వరండా ఉండదు. మొన్న వచ్చిన మిర్చి వ్యాపారి మిమ్మల్ని చూడనే లేదు. సందు వెడల్పు కొలిచాడు, స్టిల్టు పార్కింగ్ పోను ఎన్ని ఫ్లాట్లు వస్తాయో ఫోనులో అడిగాడు, చివరికి మీ గుమ్మం మీద చెయ్యేసి, "ఈ టేకు విడిగా ఇస్తారా?" అన్నాడు. చుట్టూ ఆసుపత్రులూ ల్యాబులూ హాస్టళ్లూ మొలిచిన ఈ లైన్లలో ఆ ఒక్కడే మీకేదో విలువ కట్టాడు.

మీకొక పెద్ద మనిషి ఉంటే నేను ఆయనకే రాసేవాణ్ణి. లేరు గనక మీకే విన్నవించుకుంటున్నాను. ఈ ఆదివారం అయిదింటికి డాలస్ దంపతులు వస్తున్నారు. వాళ్లకు నిజంగానే ఇల్లు కావాలట, పడగొట్టరట, జామచెట్టు కూడా పెంచుతారట. వాళ్లు వచ్చేలోపు స్విచ్ బోర్డు కింది పొక్కు ఇంకొంచెం పెద్దదిగా, సోఫాకు పైన కనబడేట్టు పొంగించండి. ధర దిగుతుంది. దిగిన డబ్బుతో ఆ సిమెంటు గీకించి మళ్లీ సున్నం పూయించుకోమని నేను చెబుతాను. పిడుగురాళ్ల సున్నం మనకు ఎంత దూరం గనక? బాబాయికి మాత్రం ఈ ఉత్తరం చూపించకండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ జామకాయలు తిన్న ఎదురింటివాడు

తా.క. మీ ఇంటి పన్ను డిమాండు నోటీసు పొరపాటున మా లెటర్ బాక్సులో వేశారు. అది ఇంకా వకీలుగారి పేరు మీదే వస్తోంది. ఏడాది మొత్తం ఏప్రిల్‌లో ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపట. ఆ నలుగురిలో ఎవరికివ్వాలో చెబితే ఇచ్చేస్తాను, మాట్లాడని ఆయనకు తప్ప.