చింతచెట్టు కింద సిగ్నల్

రీచార్జ్ ప్లాన్ 28 రోజులకే అయిపోతుంది. అంటే ఏడాదికి పదమూడుసార్లు కట్టాలి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక ఆ పదమూడోది మరీ బరువైంది.

డబ్బు పోతే పోయింది, సిగ్నల్ అన్నా ఉండాలి కదా! హన్మకొండలో ఫోన్ నిండా గీతలే. ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి బస్సు పోగానే ఒక్కొక్కటీ రాలిపోతాయి. ఊళ్లో అమ్మ వాకిట్లోని చింతచెట్టు కిందికి వచ్చి నిలబడితే గానీ నా మాట వినపడదు. వానాకాలం రాత్రి ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే ఎట్లా? రోజుకు 1.5 జీబీ డేటా అంటారు. అమ్మకు కావాల్సింది ఒక్క కాల్!

కస్టమర్ కేర్‌కు చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు. పావుగంటకు మనిషి దొరికితే "ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి" అంటాడు. మూడుసార్లూ అదే మాట. సాయంత్రానికి సమస్య పరిష్కరించామని మెసేజ్. ఒళ్లు మండిపోయింది.

పోయిన ఆదివారం పక్కింటివాళ్ల వేరే కంపెనీ సిమ్ అమ్మ ఫోన్లో వేసి చూశాం. వంటింట్లో కూర్చునే మాట్లాడింది. వెంటనే నంబర్ అదే ఉంచుకుని ఆ కంపెనీకి మారడానికి ఆమె నంబర్ నుంచి 1900కు పోర్ట్ మెసేజ్ పెట్టాను, అదీ చింతచెట్టు కింద నిలబడే.