లిలీ సావేజ్‌ని పక్కన పెట్టి పాల్ ఓగ్రేడీని ఎలా తలుచుకుంటారు?

బ్రిటన్ కమెడియన్, టీవీ హోస్ట్ పాల్ ఓగ్రేడీ పేరెత్తితే చాలు, అందరూ కుక్కల గురించే మాట్లాడతారు. లండన్‌లోని బాటర్సీ జంతు ఆశ్రమంలో, టీవీ ప్రోగ్రామ్‌లో దిక్కులేని కుక్కపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముద్దు చేసిన పెద్దాయన. 2023 మార్చిలో 67 ఏళ్ల వయసులో ఆయన పోయినప్పుడూ ఇదే మాట. ఆ ప్రేమ నిజమే, కాదనను. కానీ ఆయన ఆడవేషం కట్టి స్టేజీ మీద ఆడించిన లిలీ సావేజ్ పాత్రని ఏదో పాత వేషంలా తీసిపారేస్తుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మగవాడు గౌను తొడుక్కుని వంకర్లు పోతే అది లిలీ అయిపోదు. ఎత్తైన విగ్గు, చేతిలో సిగరెట్, లివర్‌పూల్‌కి నది అవతల ఉన్న బర్కెన్‌హెడ్ యాస. ఎవరికీ జడవకుండా నోటితోనే బతుకు నెట్టుకొచ్చే పేదింటి ఆడమనిషి ఆవిడ. సావేజ్ అనేది పాల్ తల్లి పుట్టింటి పేరు. ఆయన కొన్నాళ్లు లండన్‌లో కామ్డెన్ కౌన్సిల్ తరఫున కష్టాల్లో ఉన్న కుటుంబాల ఇళ్లకు వెళ్లి చూసుకునే ఉద్యోగం కూడా చేశాడు. అలాంటి ఇళ్లను లోపలి నుంచి చూసినవాడు కాబట్టే లిలీ మాటలో అంత నిజం ఉండేది.

1987 జనవరిలో లండన్‌లోని గే పబ్ రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ మీద పోలీసులు దాడి చేశారు, అదీ చేతులకు రబ్బరు గ్లవుజులు వేసుకుని! గేలను ముట్టుకుంటే ఎయిడ్స్ అంటుకుంటుందన్న భయం మరి. ఆ రాత్రి అక్కడ షో చేస్తున్నది లిలీయే. గిన్నెలు కడగడానికి మనుషులొచ్చారే అనేసింది. అరెస్టయినవాళ్లలో పాల్ కూడా ఉన్నాడు. ఎయిడ్స్‌తో స్నేహితులు ఒక్కొక్కరే చనిపోతున్న రోజులవి. అవమానించడానికి వచ్చినవాళ్లనే నవ్వులపాలు చేసిన ఆ తెగువ గురించి నివాళుల్లో ఎక్కువ చెప్పాలా, కుక్కపిల్లల గురించా?

1991లో కామెడీకిచ్చే పెరియర్ అవార్డుకి నామినేషన్, 1995లో బిగ్ బ్రేక్‌ఫాస్ట్ అనే పొద్దుటి టీవీ షోలో మంచమ్మీద ఇంటర్వ్యూలు, 1997 నుంచి బ్లాంకెటీ బ్లాంక్ అనే టీవీ గేమ్ షో. టీవీకొచ్చాక లిలీ మెత్తబడిందంటారు. నేనొప్పుకోను. బూతు తగ్గింది గానీ పదును తగ్గలేదు.

తర్వాత లిలీ ఫ్రాన్స్‌లో సన్యాసినుల మఠంలో చేరిపోయిందని చెప్పి, 2004లో సొంత పేరుతో టాక్ షో మొదలుపెట్టాడు. 2010లో కొత్త ప్రభుత్వం ఖర్చులకు కోత పెడితే, లైవ్ షోలోనే ముసలివాళ్ల పొట్ట కొడతారా అని విరుచుకుపడ్డాడు. విగ్గు లేదు, గౌను లేదు, కానీ ఆ నోరు లిలీదే.

ఆయన్ని కొత్తగా చూడాలనుకునేవాళ్లకు నాదొకటే మాట. కుక్కల ప్రోగ్రామ్ తర్వాత చూడొచ్చు, ముందు తొంభైల నాటి లిలీ స్టేజీ షోలు వెతకండి. యాస పట్టుకోవడానికి కాసేపు పడుతుంది, మధ్యలో ఆపేయకండి.